హెచ్‌డీవీ టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఏ కోడెక్ పెట్టమంటారు? (ప్రభల తీర్థం ఫుటేజ్)

కొబ్బరితోట_వీడియో:

నమస్తే అండి అందరికీ. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదివి చెప్పండి. మాది అంబాజీపేట మండలం. మా నాన్నగారు చాలా ఏళ్లు పెళ్లి వీడియోలు తీసేవారు, దాంతోపాటు ఏటా కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (చుట్టుపక్కల ఊళ్ల నుంచి అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే ఉత్సవం) కూడా ఎవరూ అడక్కపోయినా సొంత టేపు పెట్టుకుని తీసేవారు. 2009 తర్వాతవన్నీ సోనీ జెడ్5 కెమెరాతో తీసిన హెచ్‌డీవీ (టేపు మీద హెచ్‌డీ వీడియో రాసే పద్ధతి) టేపులు, 30 పైచిలుకు ఉంటాయి, ఒక్కోటీ 63 నిమిషాలది. అంతకుముందువి మామూలు డీవీ టేపులు, 2003 పుష్కరాలవి కూడా ఉన్నాయి అందులో.

ఇప్పుడు నేను వీటన్నింటినీ సిస్టంలోకి తీసి, తీర్థం ఫుటేజ్ మొత్తం కలిపి ఒక ముప్పావుగంట వీడియోలా కట్ చేద్దామనుకుంటున్నా, వచ్చే సంక్రాంతికి ఊళ్లో తెర కట్టి వేద్దామని, తర్వాత యూట్యూబ్‌లో పెడదామని. నాన్నగారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనట్లేదు, ఉన్నంతలో పెద్ద తెర మీద మంచిగా కనపడేలా చేయాలని నా పట్టుదల.

సమస్య ఏంటంటే కోడెక్ (వీడియోని కుదించి ఫైలుగా రాసే పద్ధతి) విషయంలో ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తున్నారండి. ఒకాయన అన్‌కంప్రెస్డ్‌లో (ఏమీ కుదించకుండా) క్యాప్చర్ చెయ్యి క్వాలిటీ పోదు అంటాడు, ఇంకొకాయన యాపిల్ వాళ్ల ప్రోరెస్ హెచ్‌క్యూ కోడెక్ తప్ప ఏదీ వద్దంటాడు, మా ఫ్రెండ్ ఏమో కెమెరాకి హెచ్‌డీఎంఐ ఉంది కదా, హెచ్‌డీఎంఐ నుంచి యూఎస్‌బీకి వెళ్లే క్యాప్చర్ స్టిక్ తెచ్చుకో, డైరెక్ట్ ఎంపీ4 అయిపోద్ది అంటున్నాడు. నా దగ్గర ఉన్నది ఐ5 డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, విండోస్ 10, 2 టీబీ హార్డ్ డిస్క్. కెమెరా ఇంకా ఆన్ అవుతోంది, టేపు తిరుగుతోంది. ఏ కోడెక్ పెట్టాలో తేల్చి చెప్పండి ప్లీజ్, అది తేలితే గానీ మొదలుపెట్టలేను.

భీమవరం_ఎడిటర్:

తమ్ముడూ, ముందు ఒక్క విషయం. హెచ్‌డీవీ టేపు విషయంలో క్యాప్చర్ చేసేటప్పుడు ఎంచుకోడానికి కోడెక్ ఏమీ లేదు. ఎంచుకోవాల్సింది తర్వాత, ఎడిటింగ్‌కి. ఈ రెండూ కలిపేసుకుని చూస్తున్నావు కాబట్టే ఇంత అయోమయం.

ఎందుకంటే వీహెచ్‌ఎస్‌లాగా ఆ టేపు మీద ఉన్నది అనలాగ్ సిగ్నల్ కాదు. నాన్నగారు రికార్డ్ బటన్ నొక్కినప్పుడే కెమెరా లోపల ఆ బొమ్మని ఎంపెగ్-2 కింద కంప్రెస్ చేసేసి, 1440 బై 1080 ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా), సెకనుకి 25 మెగాబిట్లు, ఆడియో ఎంపెగ్ లేయర్ 2 లో 384 కిలోబిట్లు, ఇలా ఒక ఫైల్ లాంటిదాన్నే టేపు మీద రాసేసింది. ఫైర్‌వైర్ (సోనీ వాళ్లు ఐలింక్ అనే డిజిటల్ పోర్ట్) కేబుల్ పెట్టి లాగితే ఆ డేటా ఉన్నదున్నట్టు హార్డ్ డిస్క్‌లోకి వస్తది, ఎం2టీ అనే ఎక్స్‌టెన్షన్‌తో. క్వాలిటీ రవ్వంత కూడా పోదు, పోవడానికి మధ్యలో ఎన్‌కోడింగే జరగదు కాబట్టి. గంట టేపుకి సుమారు 12 జీబీ పడుద్ది. నీ 30 టేపులూ కలిపినా 400 జీబీకి అటూ ఇటూ, నీ డిస్క్‌లో హాయిగా సరిపోతాయి.

అదే అన్‌కంప్రెస్డ్ అన్నావనుకో, 8 బిట్ 4:2:2 (రంగు వివరం సగం ఉంచే పద్ధతి) లో అయినా గంటకి 370 జీబీ పైనే. ఒక్క టేపుకి! అంత స్థలం తిని ఎక్కువ ఇచ్చేది ఏముంది అంటే ఏమీ లేదు, టేపు మీద లేని వివరం కొత్తగా ఎక్కణ్ణుంచి వస్తది. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటే సీను ఉండే ఉంటది నీ టేపుల్లో, నీళ్లు చిమ్ముతూ వందల మంది ఒకేసారి కదులుతూ ఉంటారు కదా, అక్కడ ఫ్రేమ్ ఆపి చూడు, నీళ్ల మీద చిన్న చిన్న గళ్లు గళ్లుగా కనపడతాయి. సెకనుకి 25 మెగాబిట్లే గనక అంత కదలిక వచ్చేసరికి ఎంపెగ్-2కి బిట్లు చాలక అలా అయిపోద్ది. ఆ గళ్లు టేపు మీదే ఉన్నాయి. అన్‌కంప్రెస్డ్‌లోకి తీసినా, ప్రోరెస్ హెచ్‌క్యూలోకి తీసినా ఆ గళ్లనే ఇంకా పెద్ద ఫైల్లో దాచుకోవడం అవుద్ది అంతే.

కాబట్టి ఫైర్‌వైర్ ద్వారా నేటివ్‌గా తీసెయ్. విండోస్‌లో హెచ్‌డీవీ స్ప్లిట్ అని పాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, చిన్నదే గానీ పని బాగా చేస్తది, రికార్డింగ్ ఎక్కడ ఆపి మళ్లీ మొదలెట్టారో చూసి సీను సీనుకీ వేరే ఫైల్ కూడా చేసి పెడుద్ది.

పాలకొల్లు_మ్యాక్:

అన్నగారు చెప్పింది కాదనను గానీ ఎడిట్ చేసేవాడి బాధ కూడా చూడాలి కదండీ. నేను 2008 ప్రాంతాల్లో ఫైనల్ కట్ అనే మ్యాక్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌డీవీ పెళ్లిళ్లు కట్ చేసేవాణ్ణి. ఎంపెగ్-2 లాంగ్ జీఓపీ కదా, 50ఐ (సెకనుకి 50 సగం ఫ్రేములు, అంటే ఫీల్డులు) లో 12 ఫ్రేములకి ఒక్కటే పూర్తి ఫ్రేమ్ ఉంటది, మిగతా 11 పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. ఒక డిజాల్వ్ పెడితే, ఒక టైటిల్ వేస్తే, టైమ్‌లైన్ అంతా ఈడ్చుకుంటూ పోయేది, చివర్లో కన్ఫార్మింగ్ అని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తూ గంటలు గంటలు కూర్చోబెట్టేది. ప్రోరెస్ 2007లో వచ్చాక ప్రాణం లేచొచ్చింది మాకు, క్యాప్చర్ చేసేటప్పుడే ప్రోరెస్‌లోకి మార్చుకుంటే ప్రతి ఫ్రేమూ దేనికది విడిగా ఉంటది కాబట్టి కట్ చేయడం, కలర్ చేయడం వెన్నలా నడిచేది.

నా సలహా అయితే ప్రోరెస్ 422 (హెచ్‌క్యూ దానికన్నా పెద్ద రకం, ఎల్‌టీ చిన్న రకం). హెచ్‌క్యూ అక్కర్లేదు, అది మాత్రం నేనూ ఒప్పుకుంటా. 1920 బై 1080 50ఐ లో 422 గంటకి 55 జీబీ దాకా, హెచ్‌క్యూ 83 దాకా, ఎల్‌టీ అయితే 38. హెచ్‌డీవీ సరుక్కి ఎల్‌టీ కూడా సరిపోద్ది నిజానికి. పైగా నేటివ్ హెచ్‌డీవీలో ఎడిట్ చేసి మళ్లీ హెచ్‌డీవీలోనే ఎక్స్‌పోర్ట్ కొడితే రెండోసారి ఎంపెగ్-2 దెబ్బ పడుద్ది, అది కచ్చితంగా కంటికి తెలుస్తది.

భీమవరం_ఎడిటర్:

పాలకొల్లు అన్నా, 2008 నాటికి మీరు చెప్పింది వంద శాతం కరెక్ట్, అప్పటి కోర్ 2 డుయోకి ఆ ఎంపెగ్-2 విప్పుకోవడమే కష్టం. ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గరున్న ఐ5 నాలుగు హెచ్‌డీవీ ట్రాకులు ఒకదాని మీద ఒకటి పెట్టినా లాగేస్తది, ఇవాళ ఫోన్లో తీసే హెచ్.265 4కే తో పోలిస్తే ఇది దానికి పెద్ద బరువే కాదు. అందుకని ఇంటర్మీడియట్ కోడెక్ (ప్రోరెస్ లాంటి ఎడిటింగ్ కోడెక్) ఇప్పుడు తప్పనిసరి కాదు, అవసరం పడితే వాడుకునేది.

అవసరం ఎప్పుడు అంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎం2టీ ఫైల్‌ని సరిగ్గా తీసుకోనప్పుడు. కొన్నింట్లో సౌండ్ రాదు, కొన్నింట్లో టైమ్‌లైన్ మీద వెనక్కి జరిపితే ఫ్రేము తప్పుగా చూపిస్తది. అప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఫ్రీ టూల్‌తో ప్రోరెస్ ఎల్‌టీ లేదా 422 లోకి మార్చుకో, ఆడియోని పీసీఎం (కుదించని సౌండు) చేసుకో. విండోస్‌లో కూడా ప్రోరెస్ తయారవుద్ది, మ్యాకే ఉండాలని ఏం లేదు. లేదంటే డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 120, 25 ఫ్రేముల మీద అది కూడా సైజులో ప్రోరెస్ 422 దగ్గరదగ్గరగానే ఉంటది. సినీఫామ్ కూడా బాగుంటది, పీసీలో హెచ్‌డీవీ ఎడిటింగ్‌కి ఒకప్పుడు అందరూ దాన్నే వాడేవారు, 2017 నుంచి ఓపెన్ సోర్స్ కూడా. ఈ మూడింట్లో ఏది వాడినా నీ ఫుటేజ్‌లో తేడా కనపడదు, నీ సాఫ్ట్‌వేర్ ఏది బాగా తింటదో అది పెట్టు.

ఇంకోటి, కలర్ కరెక్షన్ గట్టిగా చేస్తావనుకో, దాని రెండర్ మాత్రం 10 బిట్ కోడెక్‌లోకే ఇవ్వు. హెచ్‌డీవీ 8 బిట్ 4:2:0 (రంగు వివరం పావు వంతే), ప్రోరెస్‌లోకి మార్చినంత మాత్రాన కొత్త రంగులు పుట్టవు గానీ, నువ్వు కలర్ మార్చాక వచ్చే కొత్త విలువలు, వేసే టైటిళ్లు మాత్రం అందులో నలక్కుండా నిలుస్తాయి.

కానీ ఒకటి, ప్రోరెస్ చేశాక ఎం2టీలు డిలీట్ చేయకు. అది నీ ఒరిజినల్. రికార్డ్ చేసిన తేదీ, టైము కూడా ఆ స్ట్రీమ్‌లోనే దాగి ఉంటాయి, వేరే కోడెక్‌లోకి మార్చితే సాధారణంగా అవి పోతాయి. ఏ కనుమది ఏ టేపో స్టిక్కర్ ఊడిపోయినా ఆ తేదీని బట్టి చెప్పొచ్చు, కెమెరాలో గడియారం సరిగ్గా పెట్టి ఉంటే.

కొబ్బరితోట_వీడియో:

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. స్టిక్కర్ల సంగతి భలే చెప్పారు, సగం టేపుల మీద రాత చెదిరిపోయింది, ఏది ఏ సంవత్సరమో నాన్నగారే ఇదమిత్థంగా చెప్పలేకపోతున్నారు.

కానీ ఫైర్‌వైర్ పోర్ట్ నా సిస్టంలో లేదండి. మార్కెట్‌లో ఫైర్‌వైర్ నుంచి యూఎస్‌బీకి మారే కేబుల్ చూశా, చాలా తక్కువ రేటు. అది పనిచేస్తదా? లేకపోతే ఆ హెచ్‌డీఎంఐ స్టిక్కే తెచ్చుకుంటే నయమా? పని సులువు అవుద్ది కదా అని.

కాకినాడ_టెక్:

ఆ కేబుల్ కొనకండి దయచేసి. రెండు ప్లగ్గులకీ వైర్లు కలిపేసి అమ్ముతారు అంతే, ఫైర్‌వైర్ మాట్లాడే పద్ధతి వేరు, యూఎస్‌బీ పద్ధతి వేరు, కేబుల్ మార్చినంత మాత్రాన పనిచేయదు. మీది డెస్క్‌టాప్ కాబట్టి మీకు చాలా తేలిక, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు ఒకటి వేయండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది దొరికితే అది తీసుకోండి, వీడియో క్యాప్చర్‌కి దానికి ముందు నుంచీ మంచి పేరు. విండోస్ 10 లో కార్డు కనపడినా కెమెరా కనపడకపోతే 1394 లెగసీ డ్రైవర్ అని మైక్రోసాఫ్ట్‌దే ఉంటది, అది ఇన్‌స్టాల్ చేసి డివైస్ మేనేజర్‌లో దానికి మార్చండి, నా దగ్గర అలాగే నడుస్తోంది.

లినక్స్ వచ్చినవాళ్లకి ఇంకా హాయి, డీవీగ్రాబ్ అనే టూల్ హెచ్‌డీవీని నేరుగా తీస్తది. మ్యాక్ వాళ్లు మాత్రం జాగ్రత్త, మ్యాక్ ఓఎస్ 26 తో ఫైర్‌వైర్ సపోర్ట్ తీసేశారు, పాత మ్యాక్ ఇంట్లో ఉంటే అప్‌డేట్ కొట్టకుండా ఈ పనికి ఉంచుకోండి.

హెచ్‌డీఎంఐ స్టిక్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్నే తెచ్చుకుని టేపులు పారేస్తున్నారు, అది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోద్ది. హెచ్‌డీఎంఐలోంచి వచ్చేది కెమెరా ఆ ఎంపెగ్-2 ని విప్పేసి చూపించే బొమ్మ. ఆ స్టిక్ దాన్ని మళ్లీ సన్నటి యూఎస్‌బీ గొట్టంలో పట్టించడానికి ఎంజేపెగ్‌గా నొక్కేస్తది, తర్వాత మీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎంపీ4 చేయడానికి హెచ్.264 లో ఇంకోసారి నొక్కుద్ది. అంటే టేపు మీద ఉన్న కంప్రెషన్ మీద ఇంకో రెండు. అంతటితో ఆగదు, మీ టేపు 50ఐ, అంటే సెకనుకి 50 ఫీల్డులు. చవక స్టిక్కులు చాలావరకు 30 ఫ్రేములకి రాస్తాయి, 50 ఫీల్డుల్ని 30 ఫ్రేముల్లోకి ఇరికిస్తే కెమెరా పక్కకి తిప్పిన ప్రతిచోటా బొమ్మ గతుకుల రోడ్డు మీద వెళ్లినట్టు తుళ్లుతుంది. ఇంటర్లేస్ ఫీల్డులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బొమ్మలో గీతలుగా ఉండిపోయిన చోట తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. టైమ్‌కోడ్ రాదు, తేదీ రాదు, సీన్లు విడిపోవు.

టేపు తిరిగేది రెండింట్లోనూ గంటకి గంటే. టైము కూడా కలిసిరాదు మరి, ఇంక దేనికి?

హెచ్‌డీఎంఐ క్యాప్చర్ మంచిదయ్యే సందర్భం ఒక్కటే, టేపు ప్రమేయం లేకుండా కెమెరా లైవ్‌గా చూస్తున్నప్పుడు సెన్సార్ నుంచి వచ్చేదాన్ని నేరుగా మంచి కోడెక్‌లో రికార్డ్ చేయడం. అప్పుడు హెచ్‌డీవీ కంప్రెషన్ తప్పిపోద్ది కాబట్టి లాభం. మీ ఫుటేజ్ ఆల్రెడీ టేపు మీద ఉంది.

రాజోలు_కెమెరా:

బాబూ, నేను సోనీ జెడ్1 వచ్చిన దగ్గర్నుంచీ టేపు కెమెరాలతో పనిచేశాను, మీ నాన్నగారి వయసు వాణ్ణే అనుకుంటా. కోడెక్ గొడవ కుర్రాళ్లు బాగానే చెప్పారు, నేను టేపు సంగతి చెప్తాను, అది ముందు.

మన కోనసీమలో గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, బీరువాలో పెట్టినా బట్టలకి బూజు వాసన వస్తది. టేపులు డబ్బాలోంచి తియ్యగానే చిన్న కిటికీ లాంటి దాంట్లోంచి రీలు అంచులు వెలుగులో పెట్టి చూడు. నల్లగా నునుపుగా ఉంటే సరే. తెల్లగా పొడిలాగా, సాలీడు గూడు లాగా ఏదైనా అంచుల మీద కనపడితే అది ఫంగస్, ఆ టేపు కెమెరాలో పెట్టకు ఎట్టి పరిస్థితుల్లో. పెట్టావంటే అది హెడ్‌కి అంటుకుంటది, ఆ తర్వాత పెట్టే మంచి టేపులకి కూడా అంటుద్ది. అలాంటివి పక్కన పెట్టి విడిగా శుభ్రం చేసే వాళ్లకి ఇవ్వాలి. మిగతా మంచివి ముందు పూర్తి చేసుకో.

కెమెరాని ఏసీ గదిలోంచి తెచ్చి బయట వరండాలో వెంటనే టేపు పెట్టకు, లోపల డ్రమ్ మీద చెమ్మ పట్టి టేపు అతుక్కుపోద్ది. ఒకే గదిలో టేపులూ కెమెరా గంట రెండు గంటలు ఉండనిచ్చి అప్పుడు మొదలెట్టు. ప్రతి టేపునీ ముందు చివరి దాకా ఫార్వర్డ్ కొట్టి మళ్లీ రివైండ్ చెయ్యి, ఏళ్ల తరబడి చుట్టి ఉన్నది కదా, బిగువు సమానం అవుద్ది.

ఇంక హెచ్‌డీవీలో ఒక దౌర్భాగ్యం ఉంది. డీవీలో టేపు మీద చిన్న గీత పడితే ఆ ఒక్క ఫ్రేములో రెండు గళ్లు పాడయ్యేవి అంతే. హెచ్‌డీవీలో 12 ఫ్రేముల గుంపు మొత్తం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గనక అదే గీతకి దాదాపు అర సెకను బొమ్మ, సౌండు రెండూ ఆగిపోతాయి. సరిగ్గా ప్రభ ఎత్తే క్షణంలో అలా పడిందనుకో ప్రాణం పోయినట్టుంటది. అలా వస్తే టేపు పాడైందని వదిలెయ్యకు. హెడ్ క్లీనింగ్ టేపు కొద్ది సెకన్లు, దాని మీద రాసినంతసేపే, ఎక్కువ తిప్పితే హెడ్ అరుగుద్ది, అలా పెట్టి మళ్లీ ఒకసారి క్యాప్చర్ చెయ్యి. చాలాసార్లు రెండోసారి అదే చోట బాగా వచ్చి ఇంకోచోట ఆగుద్ది, రెండు ఫైళ్లూ ఉంచుకుని మంచి ముక్కలు కలుపుకోవచ్చు. వేరే కెమెరాలో ఆడిస్తే వచ్చేవి కూడా ఉంటాయి, ఆ టేపు రికార్డ్ చేసిన కెమెరా కాకపోయినా.

కొబ్బరితోట_వీడియో:

బాబాయ్ గారూ, చెప్పినట్టే టేపులన్నీ వెలుగులో పెట్టి చూశానండి. ఒక నాలుగైదు టేపులకి అంచుల మీద తెల్లగా ఉంది, అవి విడిగా వేరే డబ్బాలో పెట్టేశా. మిగతావి నల్లగా శుభ్రంగానే ఉన్నాయి.

కార్డు వచ్చింది, లెగసీ డ్రైవర్ వేశాక కెమెరా కనపడింది. కానీ క్యాప్చర్ చేస్తే ఫైలు 720 బై 576 వస్తోందండి, ఏవీఐ అని. కెమెరా స్క్రీన్ మీద మాత్రం హెచ్‌డీవీ 1080ఐ అనే చూపిస్తోంది. టేపు హెచ్‌డీవీ కాదా అసలు?

భీమవరం_ఎడిటర్:

టేపు హెచ్‌డీవీయే, కంగారు పడకు. కెమెరా మెనూలో ఐలింక్ కన్వర్షన్ అని ఒకటి ఆన్‌లో ఉంది. హెచ్‌డీ ఎడిటింగ్ సిస్టమ్స్ లేని రోజుల్లో అందరూ అదే ఆన్ చేసి డీవీడీకి సరిపడా ఎస్‌డీలోకి (హెచ్‌డీ కన్నా తక్కువ సైజు బొమ్మ) దించి తీసుకునేవారు, మీ నాన్నగారు పెళ్లి డీవీడీల కోసం అలా పెట్టి ఉంటారు. కేబుల్ తీసేసి, మెనూలో ఆ కన్వర్షన్ ఆఫ్ చేసి, వీసీఆర్ హెచ్‌డీవీ/డీవీ అన్నచోట హెచ్‌డీవీ పెట్టి, అప్పుడు కేబుల్ పెట్టు. కేబుల్ ఉండగా మార్చితే కంప్యూటర్ పాత గుర్తింపునే పట్టుకుని ఉంటది.

అలాగే కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కెమెరా ఆఫ్‌లో ఉంచు. 6 పిన్నుల వైపు కరెంట్ కూడా వస్తది, తిరగేసి గుచ్చినా సగం గుచ్చినా కెమెరా పోర్ట్ కాలిపోద్ది. ఈ కెమెరాకి స్పేర్లు ఇప్పుడు ఎక్కడ వెతుకుతాం.

2003 పుష్కరాల టేపులు మాత్రం డీవీయే, హెచ్‌డీవీ ఫార్మాట్ స్పెసిఫికేషన్లు ఆ పుష్కరాలు అయ్యాక సెప్టెంబర్‌లో గానీ ఖరారు కాలేదు. వాటికి వీసీఆర్ సెట్టింగ్ డీవీకి మార్చి, డీవీ ఏవీఐ కింద తియ్యి, అది కూడా ఉన్నదున్నట్టు కాపీయే, గంటకి 13 జీబీ.

కొబ్బరితోట_వీడియో:

వచ్చేసిందండీ!! 1440 బై 1080, ఎం2టీ. 2011 కనుమ టేపు పెట్టా మొదట. మొసలపల్లి వైపు నుంచి వచ్చే ప్రభ వరిచేలో దిగి నడుస్తుంటే కింద మోసేవాళ్ల మోకాళ్ల దాకా బురద, మీద రంగు గుడ్డలూ నెమలి ఈకలూ ఊగుతూ, "ఆశ్శరభ శరభ" అని అరుపులు, సౌండు ఎంత శుభ్రంగా ఉందో. నాన్నగారిని మానిటర్‌కి దగ్గరగా కూర్చోబెట్టాను, సౌండు వినే అది ఏ ప్రభో చెప్పేశారు.

రెండు డౌట్లు ఉన్నాయి. ఒకటి, ఎడిటింగ్ టైమ్‌లైన్ 1440 పెట్టాలా 1920 పెట్టాలా, ఒక ప్లేయర్లో అందరూ సన్నగా సాగినట్టు కనపడుతున్నారు. రెండు, పరిగెత్తే వాళ్ల చేతుల దగ్గర దువ్వెన పళ్లలాగా గీతలు వస్తున్నాయి, ఎర్ర గుడ్డల అంచులైతే మెట్లు మెట్లుగా ఉన్నాయి. క్యాప్చర్ తప్పా ఇది?

రాజోలు_కెమెరా:

క్యాప్చర్ తప్పు కాదు బాబూ. హెచ్‌డీవీ పిక్సెల్ చదరం కాదు, అడ్డంగా వెడల్పు, 1.333. 1440ని దాంతో గుణిస్తే 1920 అవుద్ది. ప్లేయర్‌కి ఆ సంగతి తెలియకపోతే మనుషులు సన్నగా సాగుతారు. టైమ్‌లైన్ 1920 బై 1080, 25 ఫ్రేములు, ఇంటర్లేస్డ్, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ (రెండు సగాల్లో పై గీతలది ముందు) పెట్టుకో, క్లిప్పులు నిండుగా కూర్చుంటాయి. డీవీ టేపులవి కలిపేటప్పుడు గుర్తుపెట్టుకో, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీ లోయర్ ఫీల్డ్ ఫస్ట్, హెచ్‌డీవీ అప్పర్. అది తప్పుగా పడితే కదిలేదల్లా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉంటది.

ఆ దువ్వెన గీతలు ఇంటర్లేస్‌వి. ఒక ఫ్రేములో సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు సగాలు ఉంటాయి, మనిషి ఆలోపు కదిలిపోతాడు. పాత ట్యూబ్ టీవీలో కనపడేది కాదు. ఎరుపు అంచుల మెట్లు 4:2:0 వల్ల, రంగు వివరం బొమ్మ వివరంలో పావు వంతే ఉంటది, అందులో ఇంటర్లేస్ తోడైంది, ఎరుపులో ఎక్కువ తెలుస్తది. ప్రభలకి ఎరుపు ఎలాగూ తప్పదు.

కాకినాడ_టెక్:

డీఇంటర్లేస్ (ఆ సగాల్ని పూర్తి ఫ్రేములుగా మార్చడం) గురించి నేను కలుపుతా. క్యాప్చర్ అప్పుడు డీఇంటర్లేస్ ఆప్షన్ ఎక్కడ కనపడినా ఆఫ్ చేయండి, ఒరిజినల్ ఇంటర్లేస్డ్‌గానే ఉండాలి. ఎడిట్ కోసం ప్రోరెస్‌లోకి మార్చుకున్నా ఇంటర్లేస్ గుర్తు పోకుండా చూసుకోండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రోగ్రెసివ్ (సగాలు లేని పూర్తి ఫ్రేములు) అనుకుని సైజు మార్చేటప్పుడు రెండు ఫీల్డులనీ కలిపి పిండేస్తది.

చివర్లో యూట్యూబ్‌కి, పెద్ద తెరకి మాత్రం డీఇంటర్లేస్ చేయాలి, అది కూడా 25 ఫ్రేములకి కాదు, 50కి. ఒక్కో ఫీల్డునీ ఒక్కో పూర్తి ఫ్రేముగా చేస్తే ప్రభ ఊగే ఊపు, జనం పరుగు టేపులో ఎంత నునుపుగా ఉందో అంతే నునుపుగా వస్తది. 25 చేస్తే సగం కదలిక పారేసినట్టే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడీఐఎఫ్ ఫిల్టర్ త్వరగా చేస్తది, ఫలితం బాగుంటది. ఓపిక ఉంటే క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేస్ టూల్, చాలా నెమ్మది గానీ అంచులు దానంత శుభ్రంగా చేసేది ఉచితంగా దొరికేవాటిలో నేను చూళ్లేదు. నా మాట అడిగితే తీర్థంలో వాడే క్లిప్పుల్ని మాత్రమే ముందే క్యూటీజీఎంసీతో 1080 50పీ (సెకనుకి 50 పూర్తి ఫ్రేములు) ప్రోరెస్ చేసి, 50పీ టైమ్‌లైన్‌లో ఎడిట్ చేసుకోండి. 30 టేపులూ మార్చక్కర్లేదు, సైజు డబుల్ అవుద్ది. వాడే గంటో రెండు గంటలో చాలు. తర్వాత ఫైనల్‌ని హెచ్.264 లో 1080 50పీ గా ఇవ్వండి.

పాలకొల్లు_మ్యాక్:

కాకినాడ గారి పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్రోరెస్ పెట్టాల్సింది సరిగ్గా అక్కడే, టేపు మొత్తానికి కాదు, డీఇంటర్లేస్ అయ్యాక వచ్చే కొత్త ఫైళ్లకి. ఆ పని కోసం ప్రోరెస్ 422 పెట్టండి, ఎల్‌టీ కన్నా కాస్త పైన ఉండటం మంచిది ఇక్కడ, ఎందుకంటే క్యూటీజీఎంసీ కష్టపడి చేసిన అంచుల్ని మళ్లీ నలపకూడదు.

హెచ్.264 లోకి మార్చి ఎడిట్ చేద్దామని మాత్రం ఆలోచించకండి, ఫైళ్లు చిన్నగా ఉన్నాయని చాలామంది చేస్తారు. మళ్లీ లాంగ్ జీఓపీలోకే వెళ్లినట్టు, పైగా ఒక తరం క్వాలిటీ ఊరికే పోయినట్టు.

కొబ్బరితోట_వీడియో:

సరేనండి, అయితే ఇలా చేస్తాను. అన్ని టేపులూ ముందు ఎం2టీ కింద తీసేస్తా, కోడెక్ గురించి ఆలోచించకుండా. తర్వాత చూసి తీర్థానికి కావాల్సిన ముక్కలు ఏరుకుని వాటిని మాత్రం 50పీ ప్రోరెస్. ఫంగస్ టేపులు ఎవరైనా బాగు చేసేవాళ్లు మన వైపు ఉంటే మెసేజ్ పెట్టండి దయచేసి, అందులో ఒకటి 2010 కనుమది అని నాన్నగారి అనుమానం.

ఒక చివరి డౌట్, క్యాప్చర్ అయ్యాక టేపులు ఉంచాలా? ఇంట్లో వాళ్లు ఎందుకింక అంటున్నారు. హార్డ్ డిస్క్ ఒకటే ఉంది నాకు.

రాజోలు_కెమెరా:

ఉంచు. ఇంకో డిస్క్ కొని ఎం2టీలన్నీ దాంట్లో కూడా కాపీ పెట్టి, ఆ డిస్క్ మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టేదాకా ఒక్క టేపు కూడా పారెయ్యకు. మనది వరద వచ్చే నేల, తుపాను వచ్చే నేల. ఆ తర్వాత కూడా వీలుంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, టేపులు పడుకోబెట్టకుండా పుస్తకాల్లాగా నిలబెట్టి పెట్టు, జెల్ రంగు మారినప్పుడల్లా మార్చు. ఫంగస్‌వి మాత్రం ఆ డబ్బాలో కలపకు.

2010 టేపు సంగతి నాకు మెసేజ్ పెట్టు, ఎవరు చేస్తారో కనుక్కుని చెప్తా. అప్పటిదాకా దాన్ని రివైండ్ కూడా చెయ్యకు.